అంబ్రి: కశ్మీర్ యాపిల్ అనే పేరు కింద మరుగున పడిన అసలు కశ్మీర్ పండు

సెప్టెంబరు దాటితే విశాఖపట్నంలో పండ్ల బండ్ల రంగు మారుతుంది. పూర్ణా మార్కెట్ నుంచి జగదాంబ కూడలి దాకా, గాజువాక నుంచి మధురవాడ దాకా ఎర్రటి యాపిల్ గుట్టలు కనిపిస్తాయి. ఏ రకమని అడిగితే ఎక్కువ చోట్ల వచ్చే జవాబు ఒకటే: కశ్మీర్ యాపిల్. ఆ మాటలో అబద్ధం లేదు. పండు కశ్మీర్ లోయ నుంచే వచ్చి ఉంటుంది. కాకపోతే ఆ గుట్టలో అధిక భాగం రెడ్ డెలీషియస్ కుటుంబానికి చెందినది. దాని పుట్టిల్లు అమెరికాలోని అయోవా రాష్ట్రం. 19వ శతాబ్దం చివర జెస్సీ హయాట్ అనే రైతు పొలంలో దానంతట అది మొలిచిన చెట్టు అది. కశ్మీర్ నేల సొంతంగా తీర్చిదిద్దుకున్న రకం పేరు అంబ్రి. బెంగళూరు, హైదరాబాద్ దుకాణాల్లో కూడా కంటపడని ఆ పండు విశాఖ బండ్ల మీదికి రావడం మరీ అరుదు.

క్లుప్తంగా

అంబ్రి తీపికి, సువాసనకు, నెలల తరబడి చెడకుండా ఉండే గుణానికి పేరుపడింది. శీతల గిడ్డంగులు లేని కాలంలో ఆ నిల్వ గుణమే దానికి కిరీటం పెట్టింది. గిడ్డంగులు వచ్చాక ఆ గుణానికి మార్కెట్లో విలువ తగ్గింది. ఆలస్యంగా కాపుకు రావడం, ఏడాది విడిచి ఏడాది కాయడం, తెగులుకు లొంగిపోవడం అనే బలహీనతలు మాత్రం మిగిలాయి. అంబ్రి తగ్గిపోవడానికి ఈ లెక్కే ప్రధాన కారణం. లంబసింగి చలి దానికి సరిపోదు. అక్కడ ప్రయత్నించదగిన యాపిల్ రకాలు వేరు.

పండు రూపం, రుచి

అంబ్రి మధ్యస్థం నుంచి పెద్ద పరిమాణంలో ఉంటుంది. నిడుపు శరీరం, కిందికి కొంచెం సన్నబడే ఆకారం. ఆకుపచ్చ కలిసిన పసుపు తొక్క మీద ఎర్రటి చారలు, ఎండ తగిలిన వైపు ఎర్రటి ఛాయ పరుచుకుంటాయి. పండంతా ఒకే ముదురు ఎరుపులో మెరిసిపోవడం దీని స్వభావంలో లేదు. రెడ్ డెలీషియస్‌ను తలకిందులుగా పట్టుకుంటే అడుగున ఐదు బుడిపెలు స్పష్టంగా కనిపిస్తాయి. అంబ్రి అడుగు అంత ఎగుడుదిగుడుగా ఉండదు. తొక్క మందం. కండ తెలుపు, కొరికితే కరకరలాడుతుంది. పులుపు తక్కువ, తీపి ఎక్కువ. పండు పండిన గదిలోకి అడుగు పెట్టగానే వాసన పలకరిస్తుందని కశ్మీరీలు చెప్పుకునే రకం ఇది.

పులుపు తక్కువన్న మాటకు కొంత వివరణ కావాలి. యాపిల్ రుచిని చక్కెర ఒక్కటే నిర్ణయించదు. చక్కెరకూ మాలిక్ ఆమ్లానికీ మధ్య ఉన్న నిష్పత్తి నాలుకకు తెలుస్తుంది. ఐరోపా పాత రకాల్లో చాలావాటిని పులుపు కోసం, వంట కోసం, సైడర్ అనే పులియబెట్టిన పానీయం కోసం ఎంచుకుని కాపాడుకున్నారు. కశ్మీర్‌లో, అక్కడి నుంచి పండ్లు కొనుక్కున్న ఉత్తర భారత పట్టణాల్లో కోరుకున్నది తీపి. 1890ల్లో కశ్మీర్ భూముల సెటిల్మెంట్ (భూమి శిస్తు నిర్ణయం) చేసిన ఆంగ్లేయ అధికారి వాల్టర్ లారెన్స్ కూడా లోయలో అందరూ ఇష్టపడే యాపిల్‌గా అమ్రి (అంబ్రి) పేరే చెప్పాడు. అక్టోబరులో పండుతుందని, చాలాకాలం చెడదని, దాని తీపి వల్ల భారతదేశంలోని కొనుగోలుదారులకు నచ్చుతుందని నమోదు చేశాడు. అంటే మన దేశపు నాలుక ఎంచుకున్న యాపిల్ అంబ్రి. తీపి మామిడిని ముందు వరుసలో పెట్టే తెలుగువారికి ఈ అభిరుచి కొత్త కాదు.

గింజ నాటితే తల్లి రాదు

ఒక రకం అరుదైపోవడం అంటే ఏమిటో అర్థం కావాలంటే యాపిల్ చెట్టు ఎలా తరాలు దాటుతుందో చూడాలి. యాపిల్ పువ్వు తన సొంత పుప్పొడిని స్వీకరించదు. అదే రకానికి చెందిన పక్క చెట్టు పుప్పొడి కూడా దానికి సొంతదానితో సమానమే. వేరే రకం పుప్పొడిని తేనెటీగ మోసుకొస్తేనే కాయ కడుతుంది. అందువల్ల పండులోని ప్రతి గింజా రెండు భిన్నమైన వంశాల కలయిక. పది అంబ్రి గింజలు నాటితే పది తెలియని చెట్లు మొలుస్తాయి. వాటిలో ఒక్కటీ అంబ్రి కాదు.

ఈ విషయం తెలుగు రైతుకు మామిడి తోటలోనే తెలుసు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు కాబట్టే అంటు మామిడి పుట్టింది. యాపిల్‌లోనూ అంతే. అసలు చెట్టు నుంచి తీసిన పుల్లను వేరొక మొక్క వేరు మీద అతికిస్తారు. ఇవాళ ఉన్న ప్రతి అంబ్రి చెట్టూ ఎన్నడో మొలిచిన ఒకే ఒక్క చెట్టుకు కొనసాగింపు. పుల్ల నుంచి పుల్లకు అదే జీవం సాగుతూ వచ్చింది. అంటు కట్టే చేతులు ఆగిపోతే, ఉన్న ముసలి చెట్లు కూలిపోతే, ఆ వరస తెగిపోతుంది. దాన్ని మళ్లీ పుట్టించడానికి గింజలు ఉపయోగపడవు. వరి వంగడాన్ని డబ్బాలో విత్తనంగా దాచినట్టు యాపిల్ రకాన్ని దాచలేరు. సాధారణంగా చెట్టును చెట్టుగానే నిలబెట్టాలి. ఇంగ్లండ్‌లోని బ్రాగ్‌డేల్ జాతీయ పండ్ల సేకరణలో రెండు వేలకు పైగా యాపిల్ రకాలను తోటగా పెంచుతున్నది ఇందుకే.

నిల్వ గుణం వెనుక ఉన్న చలి

అంబ్రి గురించి తరచూ వినిపించే మాట: మామూలు గదిలో నెలల తరబడి చెడదు, శీతాకాలమంతా దాటి వసంతం వరకూ నిలుస్తుంది. మాట నిజం. అయితే ఆ మామూలు గది ఎక్కడిదన్నది చాలా ముఖ్యం. విశాఖలో ఈ పండును తెప్పించుకోవాలనుకునేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

కోసిన తర్వాత కూడా యాపిల్ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. లోపలి చక్కెరను, ఆమ్లాన్ని కరిగించుకుంటూ బతుకుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఈ వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. దాంతోపాటు ఎథిలీన్ అనే వాయువు పండు నుంచి వెలువడి, పక్క పండ్లను కూడా మగ్గే దశకు తోస్తుంది. కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ జిగురు కరుగుతుంది. జిగురు గట్టిగా ఉన్న పండును కొరికితే కణాలు పగిలి రసం నోట్లోకి చిమ్ముతుంది. జిగురు కరిగిన పండులో కణాలు పగలకుండా విడివిడిగా జారిపోతాయి. రసం లోపలే ఉండిపోతుంది, నాలుకకు పిండిలా తగులుతుంది. పైకి ఎర్రగా నిగనిగలాడుతూ లోపల పిండి పిండిగా ఉన్న యాపిల్ కొని నిరాశపడటం విశాఖ ఇళ్లలో మామూలు అనుభవం. తప్పు ఎప్పుడూ పండుది కాదు. చల్లటి గిడ్డంగి నుంచి బయటికి తీసి, సముద్రపు ఉక్కలో రోజుల తరబడి బండి మీద ఉంచితే ఏ రకమైనా ఆ దారే పడుతుంది.

కశ్మీర్ శీతాకాలంలో ఇంటి కింది అరలోనో అటక మీదో ఉష్ణోగ్రత నెలల తరబడి సున్నాకు దగ్గరగా తిరుగుతుంది. అదొక సహజమైన శీతల గిడ్డంగి. ఆలస్యంగా పండటం, మందమైన తొక్క, గట్టి కండ అనే గుణాలకు ఈ చలి తోడైతేనే అంబ్రి వసంతం చూస్తుంది. విశాఖలో డిసెంబరు పగలు కూడా 28 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడి వంటగది గూట్లో అంబ్రి నెలలు నిలుస్తుందని ఆశించకూడదు. మిగతా రకాల కంటే కొన్ని రోజులు ఎక్కువ ఓర్చుకోవచ్చు, అంతే. తెచ్చిన వెంటనే ఫ్రిజ్ అడుగు అరలో, ఆకుకూరలకూ దోసకాయలకూ దూరంగా పెట్టడం మేలు. యాపిల్ విడిచే ఎథిలీన్ వాటిని త్వరగా పసుపు తిప్పుతుంది.

చెట్టు లెక్క ఎక్కడ తప్పింది

పండు ఇంత మంచిదైతే రైతు ఎందుకు వదిలేశాడన్నది సహజమైన ప్రశ్న. దీనికి జవాబు పండులో దొరకదు, చెట్టులో దొరుకుతుంది.

అంబ్రి చెట్టు చాలా బలంగా, పెద్దగా పెరుగుతుంది. పాత పద్ధతిలో గింజ మొక్క వేరు మీద అంటు కట్టినప్పుడు మంచి కాపు చూడటానికి పదేళ్ల దాకా కాచుకోవాల్సి వచ్చేది. రెడ్ డెలీషియస్ అంతకంటే ముందే కాపుకు వస్తుంది. తాత నాటితే మనవడు తినే చెట్టు ఉమ్మడి కుటుంబపు తోటకు భారం కాలేదు. పొలాలు పంచుకుని చిన్నవయ్యాక, పిల్లల చదువులకు ఏటా డబ్బు కావాల్సి వచ్చాక, పదేళ్ల నిరీక్షణ మోయలేనిదైంది.

రెండో చిక్కు ఏడాది విడిచి ఏడాది కాయడం. మామిడి రైతుకు ఇది బాగా తెలిసిన కష్టమే. యాపిల్‌లో వచ్చే ఏడాది పూమొగ్గలు ఈ ఏడాది వేసవిలోనే, చెట్టు మీద కాయలు ఎదుగుతున్నప్పుడే తయారవుతాయి. ఎదిగే కాయల్లోని గింజలు జిబ్బరెల్లిన్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. అవి పూమొగ్గ ఏర్పడకుండా అడ్డుపడతాయి. కాపు విరగ్గాసిన ఏడాదిలో ఈ అడ్డు ఎక్కువ, మరుసటి ఏడాది పూత తక్కువ. పూత తక్కువైన ఏడాదిలో అడ్డు తొలగి, ఆ పై ఏడాది మళ్లీ విరగ్గాస్తుంది. అంబ్రిలో ఈ ఊగిసలాట బలంగా ఉంటుంది. కాయలను పిందె దశలోనే పలచన చేస్తే కొంత సర్దుకుంటుంది. ఎత్తయిన పెద్ద చెట్టెక్కి ఆ పని చేయడానికి కూలి ఖర్చు ఎక్కువ.

మూడోది స్కాబ్ తెగులు. వెంచూరియా ఇనీక్వాలిస్ అనే శిలీంధ్రం వల్ల ఆకుల మీద, కాయల మీద నల్లటి గరుకు మచ్చలు ఏర్పడతాయి. కశ్మీర్‌లో ఈ తెగులును 1930ల నాటికి మొదట గమనించింది అంబ్రి చెట్ల మీదే. 1973లో అది లోయంతా విజృంభించింది. మచ్చ పడిన కాయ రుచిలో పెద్ద తేడా లేకపోయినా పెట్టెలో పైవరుసకు పనికిరాదు.

ఈ మూడు బలహీనతలూ ఎప్పటినుంచో ఉన్నవే. అయినా వందల ఏళ్లు అంబ్రి ఏలింది. నిల్వ గుణం వీటన్నిటినీ మించి లాభం తెచ్చినంత కాలం రైతు వాటిని సహించాడు. మంచు కురిసి దారులు మూసుకుపోయే లోయలో, సుదీర్ఘ ప్రయాణాన్ని తట్టుకుని ఢిల్లీకో లాహోర్‌కో చేరగల పండే డబ్బు. ఆ పరిస్థితి రెండు దశల్లో మారింది.

మొదటి దశ రోడ్డు, లారీ. 1916లో, అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతానికి డెలీషియస్ మొక్కలు తెచ్చాడు. 20వ శతాబ్దం రెండో సగంలో ఆ కుటుంబం కశ్మీర్‌నూ ఆక్రమించింది. లారీ వారం పది రోజుల్లో దేశం చుట్టి రాగలిగాక, త్వరగా కాసి బాగా ఎర్రబడే రకానిదే పైచేయి అయింది. దూరపు మార్కెట్లో కొనేవాడు రుచి చూడడు, రంగు చూస్తాడు. విశాఖ లాంటి నగరాలకు కూడా ఈ మార్పులో భాగముంది. ఎరుపు ఎక్కువున్న పెట్టెకే ఇక్కడ మంచి ధర పలికింది.

రెండో దశ నియంత్రిత వాతావరణ గిడ్డంగి. 1920ల్లో కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే శాస్త్రవేత్తలు వేసిన పునాది అది. గదిలో చలితోపాటు ఆక్సిజన్‌ను బాగా తగ్గించి, కార్బన్ డయాక్సైడ్‌ను కొంత పెంచితే పండు ఊపిరి నెమ్మదిస్తుంది. పుల్వామా దగ్గర లాసిపొర పారిశ్రామిక వాడలో ఇలాంటి గిడ్డంగులు వరసగా వెలిశాయి. అక్టోబరులో కోసిన డెలీషియస్‌ను మేలో కూడా అమ్మగలుగుతున్నారు. విశాఖలో ఉగాదికి దొరికే కశ్మీర్ యాపిల్ అలా వచ్చినదే. అంబ్రి తన ఒంట్లో మోసుకొచ్చిన గుణాన్ని యంత్రం ప్రతి రకానికీ అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజుతో అంబ్రికి ఉన్న పెద్ద బలం మార్కెట్ దృష్టిలో కరిగిపోయింది.

ఇప్పుడు నడుస్తున్న మార్పు సాంద్ర తోటలది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ కేంద్రంలో ఎంపిక చేసిన ఎమ్-9 లాంటి పొట్టి వేరుమూలాల (అంటుకు ఆధారమయ్యే అడుగు మొక్కల) మీద గాలా, ఫుజి, జెరోమిన్ లాంటి రకాలు అంటు కట్టి, తీగల ఆధారంతో పెంచుతున్నారు. ఆరు మీటర్ల ఎడంతో పెద్ద చెట్లు నాటితే ఎకరాకు 112 పడతాయి. మూడు మీటర్ల వరుసల్లో మీటరుకొకటి చొప్పున పొట్టి చెట్లు నాటితే 1,300 దాటుతాయి. రెండు మూడేళ్లకే కాయలు కనిపిస్తాయి. ఈ లెక్క ముందు పాత పద్ధతి అంబ్రి తోట నిలవడం కష్టం. ఏటా దాదాపు 20 లక్షల టన్నుల యాపిల్ పండించే కశ్మీర్‌లో అంబ్రి ఇవాళ దక్షిణ కశ్మీర్‌లోని షోపియాన్ వైపు తోటల్లో అక్కడక్కడా మిగిలిన చెట్ల పండు.

పేర్ల చిక్కు

విశాఖకు వచ్చే పెట్టె మీద అంబ్రి అని రాసి ఉన్నా అది లాల్ అంబ్రి కావచ్చు. ఈ రెండూ ఒకటి కావు. లాల్ అంబ్రి రెడ్ డెలీషియస్‌కూ అంబ్రికీ సంకరం చేసి కశ్మీర్‌లో రూపొందించిన రకం. ఎరుపు ఒక వైపు నుంచి, నిల్వా వాసనా మరో వైపు నుంచి తీసుకోవాలన్నది ఉద్దేశం. అంబ్రికీ గోల్డెన్ డెలీషియస్‌కూ పుట్టిన పసుపు పండు సునెహరి. నీలం, దశేరి మామిళ్లను కలిపి మల్లిక, ఆమ్రపాలి తీసిన ఆలోచనే ఇక్కడా పనిచేసింది. పాత రకాన్ని పూర్తిగా కాపాడటం కష్టమైనప్పుడు దాని గుణాలనైనా ముందుకు తీసుకెళ్లే దారి ఇది. అయినా సంకరంలో తల్లిలోని సగమే వస్తుంది. మిగతా సగం కావాలంటే తల్లి చెట్టు బతికి ఉండాలి.

మహారాజీ అనే పేరు కూడా పాత వ్యాపారుల నోట వినిపిస్తుంది. దాని ఇంగ్లిషు పేరు వైట్ డాటెడ్ రెడ్, తొక్క మీద తెల్లటి చుక్కలుంటాయి. బాగా పులుపు, నిల్వ ఎక్కువ. హజ్రత్‌బలి వేసవిలోనే వచ్చే చిన్న పండు. వీటిని అంబ్రితో పోల్చి చూస్తే ఒక సంగతి తేలుతుంది: నిల్వ, తీపి, వాసన అనే మూడూ ఒకే పండులో కలవడం అంబ్రి ప్రత్యేకత. విడివిడిగా అవి వేరే రకాల్లోనూ ఉన్నాయి.

లంబసింగిలో అంబ్రి పండుతుందా

లంబసింగికి ఆంధ్రా కశ్మీర్ అనే ముద్దు పేరుంది. ఒకప్పుడు విశాఖ జిల్లాలో, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఈ ఊరు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. కొన్ని డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరపడుతుంది. కశ్మీర్ పండు ఇక్కడెందుకు పండదన్న ప్రశ్న ఏటా శీతాకాలంలో మళ్లీ మొదలవుతుంది.

యాపిల్ చెట్టుకు ఒక్క రాత్రి గడ్డకట్టే చలి సరిపోదు. కావాల్సింది చలి గంటల మొత్తం. ఆకులు రాల్చి నిద్రపోయిన మొగ్గ, 7 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో గడిపిన సమయాన్ని కూడబెట్టుకుంటుంది. కోటా నిండాకే వసంతపు వెచ్చదనానికి స్పందిస్తుంది. నిండకపోతే కొన్ని మొగ్గలు విచ్చుకుని కొన్ని పడుకునే ఉంటాయి. పూత నెలల తరబడి చెదురుమదురుగా వస్తుంది, కాపు నిలవదు. కశ్మీర్ రకాలకు ఈ కోటా సాధారణంగా వెయ్యి గంటల దరిదాపుల్లో, కొన్నింటికి అంతకు మించి ఉంటుంది. లంబసింగిలో 40 రాత్రులు, రాత్రికి ఐదేసి గంటలు 7 డిగ్రీల కింద ఉన్నాయని అనుకున్నా మొత్తం 200 గంటలే. పైగా మధ్యాహ్నం ఎండ 20 డిగ్రీలు దాటితే రాత్రి కూడబెట్టిన దానిలో కొంత కరిగిపోతుంది. కశ్మీర్‌లో పగలు కూడా చలే కాబట్టి ఆ నష్టం లేదు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తల చొరవతో చింతపల్లి, లంబసింగి, అరకు పరిసరాల్లో గత దశాబ్దంలో యాపిల్ మొక్కలను ప్రయోగాత్మకంగా నాటించారు. ఎంచుకున్నవి తక్కువ చలితో సర్దుకునే రకాలు. ఇజ్రాయెల్‌లో రూపొందిన అన్నా, బహామాస్‌లో దొరికిన డార్సెట్ గోల్డెన్, హిమాచల్‌లోని బిలాస్‌పుర్ జిల్లా రైతు హరిమన్ శర్మ పెంచిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 ఈ కోవకు చెందినవి. వీటికి రెండు మూడు వందల గంటలు చాలు. ఈ పండ్లు వేసవి మొదట్లోనే, దేశంలో తాజా యాపిల్ దొరకని సమయంలో వస్తాయి. గిరిజన రైతుకు అదొక అవకాశమే. నిల్వలో మాత్రం అంబ్రికి ఇవి పూర్తిగా ఎదురు దిక్కు: త్వరగా పండుతాయి, త్వరగా మెత్తబడతాయి. విశాఖ బజారు మూడు నాలుగు గంటల దూరంలో ఉండటం ఆ లోపాన్ని కొంత పూడుస్తుంది.

ముందున్న దారి

కశ్మీర్ పండు విశాఖ చేరడానికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. ఆ దారిలో బలహీనమైన తునక జమ్మూ, శ్రీనగర్ మధ్య జాతీయ రహదారి. 2025 ఆగస్టు చివర వరదలకు అది దెబ్బతిని, వేల లారీల్లో పండ్లు కుళ్లిపోయాయి. సెప్టెంబరులో బడ్గామ్ నుంచి ఢిల్లీలోని ఆదర్శ్ నగర్‌కు యాపిల్ కోసం రోజువారీ పార్సిల్ రైలు మొదలుపెట్టాల్సి వచ్చింది. గిడ్డంగి ఎంత ఆధునికమైనా లారీ ఆగిపోయినప్పుడు పండును కాపాడేది దాని సొంత ఓపికే. అంబ్రిలోని నిల్వ గుణానికి ఇలాంటి సమయాల్లో మళ్లీ విలువ కనిపిస్తుంది. కొత్త రకాల తయారీలో ఆ గుణాన్ని తల్లి చెట్టు నుంచి తీసుకోవాల్సిన అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

వాతావరణం మరో వైపు నుంచి ఒత్తిడి పెడుతోంది. 2018, 2019 నవంబరు మొదటి వారాల్లో లోయలో ముందుగా కురిసిన మంచు, ఇంకా ఆకులు రాలని పెద్ద యాపిల్ చెట్ల కొమ్మలను విరిచేసింది. పాత అంబ్రి చెట్లు విస్తారంగా పెరిగేవి కాబట్టి ఇలాంటి మంచుకు ఎక్కువ లోనవుతాయి. విరిగిన చోట రైతు మళ్లీ అంబ్రినే నాటే అవకాశం తక్కువ. సబ్సిడీ ఎక్కువగా దొరికేది సాంద్ర తోటకే.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. చెట్టు ఎంత ఎత్తు పెరగాలో, ఎప్పుడు కాపుకు రావాలో చాలావరకు వేరుమూలం నిర్ణయిస్తుంది. పండు రుచి, వాసన, నిల్వ గుణం పై కొమ్మకు చెందినవి. అంబ్రి పుల్లను పొట్టి వేరుమూలం మీద కట్టితే కాపు కోసం కాచుకునే ఏళ్లు తగ్గుతాయి, కొమ్మలు చేతికందుతాయి, పిందెలు పలచన చేయడం సులువవుతుంది. ఏడాది విడిచి ఏడాది కాసే చిక్కు ఆ మేరకు అదుపులోకి వస్తుంది. స్కాబ్‌కు మాత్రం మందు పిచికారీ తప్పదు, ఆ ఖర్చు ధరలో కలుస్తుంది. ఉత్తరాంధ్రలో సుందరి అని కూడా పిలుచుకునే సువర్ణరేఖ మామిడి, సొంత ప్రాంతంలో పేరు అడిగి కొనేవారు ఉండటం వల్ల తోటల్లో నిలిచింది. విశాఖ బండి దగ్గర యాపిల్ కొనేవారు కశ్మీర్ అన్న మాటతో ఆగకుండా రకం పేరు కూడా అడిగితే, ఆ ప్రశ్న వ్యాపారి నుంచి కమీషన్ ఏజెంటుకూ, అక్కడి నుంచి షోపియాన్ తోటకూ చేరుతుంది.